లేపకుండా వదిలేసిన టీ అక్క

1999 మార్చి 19, శుక్రవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు, క్వున్ తాంగ్‌లోని ఒక భవనం పదకొండో అంతస్తున ఉన్న అద్దె గోదాములో, మూడు కొంగల చిత్రసంస్థ లుక్ సౌహా అనే స్త్రీని శవపేటికలో పడుకోబెట్టి చంపింది. తిరిగి లేపలేదు.

సంస్థ ఈ రెండు వాక్యాల్లో మొదటిదాన్ని సినిమా అంటుంది, రెండోదాన్ని మరుపు అంటుంది. ఆ రెండు మాటలూ చెల్లవని చూపడానికి జరిగింది జరిగినట్టు చెప్పడం చాలు.

లుక్ సౌహాకు యాభై మూడేళ్ళు. షామ్ షూయ్ పో పేటలో ఒక గది, కిటికీ అవతల ఆరబెట్టిన పొరుగువాళ్ళ బట్టలు, గదిలో ఏడు ఫ్లాస్కులు. ఇరవై రెండేళ్ళుగా ఆమె షూటింగుల్లో టీ కాస్తోంది. ఈ ఊళ్ళో సినిమా తీసే మనుషుల కడుపుల సంగతి వాళ్ళ వైద్యులకంటే ఆమెకే బాగా తెలుసు. దర్శకుడికి సగం టీ, సగం కాఫీ కలిపిన కప్పు లేకపోతే కోపం వస్తుంది, ఉంటే ఇంకా ఎక్కువ వస్తుంది. కెమెరా అతనికి చామంతి టీ. నిర్మాత ఫోంగ్ క్వాయ్‌నామ్‌కు ఉప్పులో ఊరిన నిమ్మకాయ వేసిన సోడా, తాగగానే ఆయన మూడుసార్లు త్రేనుస్తాడు, మూడోది వచ్చేదాకా ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు. ఇవన్నీ ఆమె ఎక్కడా రాసుకోలేదు, ఎప్పుడూ తప్పలేదు. అందరూ ఆమెను టీ అక్క అంటారు.

పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదని చెప్పేది. అది నిజమే కూడా. ఉదయం నాలుగింటికి నీళ్ళు పొయ్యి మీద పెట్టే మనిషికి ప్రేమించడానికి మిగిలేది ఒక్క నిద్రపోయే వేళ.

అయితే లైట్లు పెట్టే చియుంగ్ బింగ్‌కే అనే ఆయన పదకొండేళ్ళుగా ప్రతి సెట్టులోనూ ఒక చిన్న దీపాన్ని ఆమె టీ బల్ల వైపు తిప్పి పెట్టేవాడు. కథానాయిక ముఖానికి వెలుగు చాలడం లేదని దర్శకుడు అరిచినా ఆ ఒక్క దీపాన్నీ కదిపేవాడు కాదు. అది పాడైపోయిన దీపమని అబద్ధమాడేవాడు. పాడైపోయిన దీపం వెలుగుతోందేమిటని అడిగేంత తీరిక దర్శకుడికీ లేదు. బింగ్‌కేకు యాభై ఎనిమిదేళ్ళు. మొదటి భార్య పోయి పదమూడేళ్ళయింది. పోయిన చాంద్రమాన కొత్త సంవత్సరం నాడు ఆయన కాగితం కప్పు అడుగున పెన్నుతో ఒక ప్రశ్న రాసి, ఖాళీ కప్పు ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆమె చదవకుండా కడగబోయింది. కాగితం కప్పును కడిగే మనిషిని ఆయన అంతవరకూ చూడలేదట. చేయి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అదే మొదటిసారి చేయి పట్టుకోవడం.

మార్చి 8న ఇద్దరూ పెళ్ళి రిజిస్ట్రీకి వెళ్ళి నోటీసు ఇచ్చారు. చట్టం ప్రకారం నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపల పెళ్ళి జరగాలి. జరగకపోతే ఆ నోటీసు చెల్లదు. వాళ్ళకు దొరికిన రోజు జూన్ 7, సోమవారం, ఉదయం పదకొండు గంటలు. గడువుకు ఒక్కరోజు ముందు. అంతకంటే ముందు శుభమైన తేదీ లేదని పంచాంగం చూసి చెప్పింది సౌహాయే. ఆ సంగతి ఆమె ఇప్పుడు తలుచుకోవడానికి ఇష్టపడదు.

నోటీసు ఇచ్చిన పదకొండో రోజు ఆ చావు జరిగింది.

సినిమా పేరు «ఏడో రోజు ఆవిరి». భార్య చనిపోతుంది. పోయినవాళ్ళ ఆత్మ ఏడో రోజున ఇంటికి వస్తుందని ఇక్కడి నమ్మకం, అలాగే వస్తుంది. వండిన అన్నం మీది ఆవిరి చల్లారేలోపు భర్త పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే ఉండిపోవచ్చు. కాని భర్త ఆరు రోజులు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. ఆమె ఎదుట నిలబడి ఉంటుంది, ఆయన నోరు తెరుస్తాడు, గాలి తప్ప ఏమీ రాదు, అన్నం చల్లారుతూ ఉంటుంది. ఈ కథ విన్నప్పుడే అద్దె గోదాము యజమాని ఏడ్చి వారం అద్దె తగ్గించాడంటారు.

కథానాయిక ఔ లాన్‌చీ దయ్యంగా నటించడానికి ఒప్పుకుంది గాని, శవపేటికలో పడుకోనంది. ఆమె జాతకం చూసే గురువుగారు ఆ నెలలో పేటిక మూతను కింది నుంచి చూడవద్దని చెప్పారట. దూరం నుంచి తీసే షాటు, దానితోపాటు పాదాల షాటు, రెంటికీ వేరే మనిషి కావాలి. అంత ఎత్తు, అంతే పాదాలు ఉన్న మనిషి సెట్టులో ఒక్కతే, చేతిలో ఫ్లాస్కుతో నిలబడి ఉంది.

ఇక్కడ వాడుక ఏమిటో చెప్పాలి. షూటింగులో శవంగా పడుకున్న మనిషికి రెండు హక్కులున్నాయి. షాటు అవగానే కంపెనీ మనిషి శుభానికి డబ్బు పెట్టిన ఎర్ర కవరు చేతికివ్వాలి. పాత్ర పేరుతో కాక సొంత పేరుతో మూడుసార్లు పిలిచి లెమ్మనాలి. లేచిన మనిషి కెమెరా వంక చూసి నవ్వాలి. చచ్చింది పాత్రే అనడానికి ఆ నవ్వే సాక్ష్యం. ముప్ఫై ఏళ్ళలో నాలుగు వందలసార్లు చచ్చిన ఒక ఫైటరు ఇవాళ్టికీ రోజూ ఉదయం కొండెక్కి దిగుతున్నాడంటే, నాలుగు వందలసార్లూ లేపారు కాబట్టే.

సౌహా ఈ రెండు షరతులూ సహాయ దర్శకుడు లోక్‌కు చెప్పింది. అతను తల ఊపాడు. తల ఊపడం ఒప్పందం కాదని సంస్థ తర్వాత అన్నది. అదే లోక్ తల ఊపితే అదే సంస్థ క్రేనులు, కార్లు, ఒకసారి గుర్రాన్ని కూడా అద్దెకు తెచ్చుకుంది.

ఆమె పడుకుంది. లోపల మెత్తటి శాటిన్ గుడ్డ. ఇరవై రెండేళ్ళలో పనివేళ ఆమెను ఎవరైనా పడుకోమనడం అదే మొదలు. కథానాయకుడు పేటిక అంచు పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎంత బాగా మాట్లాడాడంటే మైకు కర్ర పట్టుకున్నవాడు కళ్ళు తుడుచుకోబోతే మైకు వెళ్ళి కథానాయకుడి జుట్టులో దిగింది. శబ్దం రికార్డు చేసేవాడి వెక్కిళ్ళు సంభాషణ కంటే స్పష్టంగా పడ్డాయి. దర్శకుడు కట్ అనడానికి బదులు ముక్కు చీదాడు, కెమెరా అతను అదే కట్ అనుకున్నాడు. లోక్ మెగాఫోను అందుకున్నాడు. పిలవడానికే అందుకున్నాడు, అందులో సందేహం లేదు. నోరు తెరిచాడు. మెగాఫోనులోంచి ఒక పెద్ద వెక్కు వచ్చింది. కింద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఎవరో భోజనం డబ్బాలు వచ్చాయన్నారు. మామూలుగా పంది మాంసం అన్నం వచ్చేది, ఆ రోజు వేపిన బాతు. యూనిట్ యావత్తూ ఏడుస్తూనే బాతు వైపు నడిచింది, తిని, అక్కణ్ణుంచి అటే సాయ్ కుంగ్ సముద్రపు ఒడ్డుకు, సాయంత్రపు షూటింగుకు వెళ్ళిపోయింది. బింగ్‌కే ఉంటే మరిచిపోయేవాడు కాదు. ఆయన పొద్దుటే ఒడ్డున లైట్లు పెట్టడానికి వెళ్ళాడు.

ఉదయం నాలుగింటికి లేచిన సౌహా పేటికలో మూడు గంటలు హాయిగా నిద్రపోయింది. గోదాముకు తాళం వేయడానికి వచ్చిన కాపలాదారు లైటు వేసేసరికి ఆమె లేచి కూర్చుని, అలవాటు కొద్దీ, టీ పెట్టనా అని అడిగింది. అతను పదకొండు అంతస్తులు మెట్ల మీదుగా దిగాడు. లిఫ్టు పనిచేస్తోంది.

కవరు లేదు, పిలుపు లేదు, నవ్వడానికి కెమెరా లేదు. ఆమె ఇంటికి వెళ్ళి పంపరపనస ఆకులు వేసిన నీళ్ళతో స్నానం చేసింది. అది అశుభానికి పనికొస్తుంది గాని చావుకు చాలదని ఆమెకు మర్నాడే తెలిసింది.

మర్నాడు చెయ్యెత్తినా మినీబస్సు ఆగలేదు. దుకాణాల భవనంలో దానంతటదే తెరుచుకునే తలుపు ఆమె ముందు తెరుచుకోలేదు. టీ హోటల్లో ఆర్డరు చెప్పింది, వెయిటరు ఆమె వెనక గోడను చూసి తల ఊపాడు, వెన్న పెట్టిన బన్ను వెళ్ళి పక్క బల్ల మీద వాలింది. మందుల దుకాణం ముందున్న బరువు చూసే యంత్రం మీద నిలబడితే ముల్లు కదల్లేదు. తొమ్మిదేళ్ళుగా ఆమెను చూసి మొరుగుతున్న కింది అంతస్తు కుక్క ఆ రోజు తల కూడా ఎత్తలేదు.

బింగ్‌కే అన్నిటికీ కారణం చెప్పాడు. మినీబస్సు నిండిపోయి ఉంటుంది. ఆ తలుపు నెల రోజులుగా ఎవరికీ తెరుచుకోవడం లేదు. ఆ వెయిటరుకు మెల్లకన్ను. బరువు యంత్రం పాడైందన్న బోర్డు ఊడి వెనక పడి ఉంది, ఆయన స్వయంగా వెళ్ళి చూసి వచ్చాడు.

“మరి కుక్క?” అంది సౌహా.

బింగ్‌కే కుక్కను వదిలేసి చేతిలోని టీ కప్పు ఎత్తి చూపాడు.

“చచ్చిపోయినావిడ టీ ఇంత వేడిగా కాస్తుందా? ఇదిగో, నాలిక కాలింది చూడు.”

“నవ్వులాట కాదయ్యా. నీకు ఒక భార్య పోయింది. చచ్చిపోయినదాన్నే రెండో పెళ్ళాంగా తెచ్చుకుని, సంతకం పెట్టిన రోజే మళ్ళీ భార్య పోయినవాడివి అవుతావా? నేను నిన్ను అలా చెయ్యను. నన్ను లేపాకే పెళ్ళి.”

ఆమె కుక్కకు భయపడటం లేదని, బరువు యంత్రానికి అసలే కాదని, మళ్ళీ ఒంటరిగా మిగిలే మనిషిని తలుచుకుని భయపడుతోందని ఆయనకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక వాదించడం మానేశాడు.

ఆమె ముందుగా ఫ్లైఓవరు కింద కూర్చునే ముయ్ బామ్మ దగ్గరికి వెళ్ళింది. గిట్టనివాళ్ళ పేరున కాగితపు బొమ్మను చెప్పుతో కొట్టిపెట్టడం ఆ బామ్మ వృత్తి. అంతా విని ఆవిడ చెప్పు కింద పెట్టింది.

“నేను కొట్టేదాన్నే గాని లేపేదాన్ని కాదమ్మా. పడుకోబెట్టినవాడే లేపాలి. వేరేవాడు పిలిస్తే సగం లేస్తావు, అది ఇంకా కష్టం. కావాలంటే ఆ పడుకోబెట్టినోడికి నాలుగు తగిలిస్తాను.”

వద్దనడం మర్యాద కాదని సౌహా ఊరుకుంది. ఆ వారంలోనే నిర్మాత ఫోంగ్‌కు పంటి నొప్పితో బుగ్గ వాచింది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఇక్కడ వాదించడం లేదు.

తర్వాత ఆమె మూడు కొంగల ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆమె నోరు తెరిచేలోపే అందరూ టీ అడిగారు, పోసేసరికి సాయంత్రమైంది. రెండోసారి ఫోంగ్ వాచిన బుగ్గతోనే విన్నాడు. సంగతి తెలియదనలేదు. తెలుసన్నాడు. కాని ఆయనకూ ఒక జాతకాల గురువుగారు ఉన్నారు. ఈ సినిమాలో ఒక శవం లేవకుండా ఉండిపోయిందన్న మాట విడుదలకు ముందు పైకి వస్తే బొమ్మ మొదటి ఆటకే మునుగుతుందని, లేపడం కూడా ఒప్పుకోవడమే అవుతుందని ఆ గురువుగారు చెప్పారట. విడుదల జూన్ 10.

“ఆ తర్వాత ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పిలుస్తాను అక్కా. మూడేమిటి, ముప్ఫైసార్లు. పెళ్ళి ఓ మూడు రోజులు వెనక్కి జరుపుకోలేవా?”

నోటీసు గడువు జూన్ 8తో తీరుతుందని ఆమె చెప్పింది. మళ్ళీ ఇంకో నోటీసు ఇచ్చుకోవచ్చు కదా అన్నాడాయన. చచ్చిపోయిన మనిషి నోటీసు ఇవ్వగలదా అని ఆమె అడిగింది. ఆయన త్రేన్చాడు. మూడో త్రేనుపు దాకా ఆమె ఆగింది. ఆయన ఇంకో సోడా అడిగాడు.

మూడోసారి వెళితే చేతికి ఒక ఉత్తరం ఇచ్చారు. సదరు తేదీన సంస్థ ఆవరణలో మరణాలేవీ నమోదు కాలేదని, పేటికలో ఉన్నది ఒప్పందం ప్రకారం కుమారి ఔ లాన్‌చీయేనని అందులో ఉంది. ఈ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవాలి. పేటికలో ఉన్నది లాన్‌చీయే అయితే ఆ సమయానికి భవనం కింద తన కారులో కూర్చుని ద్రాక్షపండ్లు తింటున్న లాన్‌చీ ఎవరు? గురువుగారి అశుభ నియమాన్ని తన లాభానికి అక్షరాలా పాటించే సంస్థ, అదే నియమాన్ని టీ కాచే మనిషి అడిగేసరికి కాగితం మీద లేదనడం ఏ న్యాయం? నమ్మకం అందరికీ ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు. ఉప్పు నిమ్మకాయ సోడా తాగేవాడికి మాత్రమే ఉండే నమ్మకాన్ని పెత్తనం అంటారు.

మే 21న మధ్యాహ్నం మూడింటికి సినిమాహాళ్ళ యజమానులకు ఆఫీసు గదిలో బొమ్మ వేసి చూపారు. టీ పోయడానికి సౌహాను పిలిచారు. తాము చంపిన మనిషినే ఆ చావు చూసేవాళ్ళకు టీ పోయమనడంలో ఏ ఇబ్బందీ ఎవరికీ తోచలేదు. బింగ్‌కే పిలవకుండానే వచ్చి ప్రొజెక్టరు పక్కన నిలబడ్డాడు. అలవాటు కొద్దీ అక్కడున్న బల్లదీపాన్ని టీ బల్ల వైపు తిప్పాడు.

పేటిక దృశ్యం వచ్చింది. పదహారు మంది యజమానులు, వాళ్ళలో ఇద్దరు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కినవాళ్ళు, ఒకే రుమాలు పంచుకుని ఏడ్చారు. తెర నిండా పాదాలు కనిపించాయి. ఎడమ పాదం మీద ఆకు ఆకారంలో ఒక మచ్చ. తొమ్మిదేళ్ళ కింద మరిగే కెటిల్ ఒలికి పడ్డ మచ్చ అది. ఆ కెటిల్ మరిగింది ఫోంగ్ సెట్టులోనే.

బింగ్‌కే ముందుకు వచ్చి తెర మీద మచ్చను వేలితో చూపాడు. ఆయన నీడ కథానాయకుడి ముఖం మీద పడింది. వెనకనుంచి ఎవరో వెక్కుతూనే కూర్చోవయ్యా అన్నారు.

“ఈ కాళ్ళు ఎవరివో ఇక్కడ అందరికీ తెలుసు. ఆమె ఇదే గదిలో ఉంది. బాస్, మీరు ఏడుస్తున్నారు. ఏడ్చే మనిషి అబద్ధం ఆడకూడదు. లేపండి.”

ఫోంగ్ నిజంగానే ఏడుస్తున్నాడు. తన డబ్బుతో తీసిన బొమ్మే అయినా అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. తెర మీద భర్త నోరు తెరిచాడు, గాలి తప్ప రాలేదు, అన్నం చల్లారుతోంది. ఫోంగ్ ఒక్కసారి లేచాడు. గురువుగారి మాట మర్చిపోయాడు, విడుదల మర్చిపోయాడు, జేబులోంచి ఎర్ర కవరు కూడా తీశాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటి ఉంటుంది. టీ బల్ల వైపు తిరిగాడు. సౌహా ఫ్లాస్కు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నవ్వడానికి సిద్ధంగా నిలబడింది.

ఫోంగ్ నోరు తెరిచాడు.

గాలి తప్ప ఏమీ రాలేదు.

గొంతు పోలేదు. పేరు తెలియదు. ఆయన లోక్ వంక చూశాడు, లోక్ దర్శకుడి వంక, దర్శకుడు గుమాస్తా వంక చూశారు. గుమాస్తా జీతాల పుస్తకం తెచ్చి తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి నెలా అందులో టీ అక్క అని ఉంది. తెర మీద అన్నం చల్లారిపోయింది, దయ్యం వెళ్ళిపోయింది, దీపాలు వెలిగాయి. యజమానులు ఫోంగ్ చేతులు పట్టుకుని ఊపుతూ జూన్ 10న అన్ని హాళ్ళూ ఇస్తామన్నారు.

బింగ్‌కే ఆమె పేరు చెప్పబోయాడు. ఆమె ఆయన చేయి పట్టుకుంది.

“చెప్పకు. ఇరవై రెండేళ్ళు నా చేతి సోడా తాగాడు. కనుక్కోనీ.”

ఆ తర్వాత పది రోజులు ఆగింది. ఆయన కనుక్కోలేదు. కవరు మళ్ళీ జేబులోకి వెళ్ళింది, మనిషి బ్యాంకాక్ వెళ్ళాడు. నిన్న ఆమె తన పెళ్ళి గౌను ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి, ఇక తన పేరు ఈ బహిరంగ లేఖలో పెట్టవచ్చని చెప్పింది. ఒక్క షరతు: మొదటి వాక్యంలోనే ఉండాలి. ఫోంగ్ రెండో వాక్యం దాకా చదవడు.

కనుక, మూడు కొంగల చిత్రసంస్థ నిర్మాత ఫోంగ్ క్వాయ్‌నామ్‌కు, సహాయ దర్శకుడు లోక్‌కు: పేరు తెలియదన్న మాట ఇక చెల్లదు, ఈ కాగితం మొదటి వాక్యంలో ఉంది. జూన్ 7, సోమవారం ఉదయం పదకొండు గంటలలోపు పెళ్ళి రిజిస్ట్రీ మెట్ల దగ్గరికి రండి. ఎర్ర కవరు మీ చేత్తో ఆమె చేతికివ్వండి. ఏ కెమెరా ఆమెను చంపిందో ఆ కెమెరా తెండి. టీ అక్క అని కాదు, అక్కా అని కూడా కాదు, లుక్ సౌహా అని మూడుసార్లు, వినిపించేలా పిలవండి. పిలిచి వెళ్ళిపోకండి, ఆమె నవ్వేదాకా నిలబడండి. దీపం సంగతి మీరు చూసుకోనక్కరలేదు. బింగ్‌కే తెస్తాడు.